పాత ఆటోమేటిక్ వాచీ మాటిమాటికీ ఆగిపోతుంటే ఏం చేయాలి: సీకో 5 ని ఇంట్లోనే సర్వీస్ చేసుకోవడం

వాచీ ఆగిపోతోంది అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే, ఎన్ని గంటల దగ్గర ఆగుతోంది అని. చాలామంది చెప్పలేరు. ఎందుకంటే ఆగిందని చూడగానే చెయ్యి అటూఇటూ ఊపేస్తాం, అది మళ్ళీ నడుస్తుంది, టైమ్ సరిచేసి పెట్టుకుంటాం, అంతే, ఎక్కడ ఆగిందో ఆ ఆనవాలు పోతుంది. కాబట్టి ఈసారి ఆగినప్పుడు కదిలించకుండా ముందు ఫోన్ తో ఒక ఫోటో తీసుకోండి. ఏ టైమ్ దగ్గర ఆగింది, డయల్ పైకి ఉందా, పక్కకి పడుకుని ఉందా, చేతికి ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక వారం రాస్తే చాలు, సగం రోగం మూత తీయకుండానే తెలిసిపోతుంది.

నేను ఇక్కడ చెప్పేది మా నాన్న కువైట్ నుంచి తెచ్చుకున్న సీకో 5 గురించి. మా రాజంపేట వైపే కాదు, కరీంనగర్, జగిత్యాల, కోనసీమ, ఎక్కడైనా గల్ఫ్ కి పోయొచ్చిన వాళ్ళ ఇంట్లో బీరువా తెరిస్తే ఈ వాచీ ఒకటి ఉంటుంది, వారం పేరు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క అరబిక్. మీ దాంట్లో ఏ మిషన్ ఉందో తెలియాలంటే వెనక మూత మీద చూడండి, గీత ముందు ఉండే మొదటి నాలుగు అక్షరాలు మిషన్ నంబర్. 7009, 6309 అంటే పాతవి, 7ఎస్26 అంటే 1996 నుంచి వచ్చినవి. అదే మూత మీద ఉండే సీరియల్ నంబర్ లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, అక్టోబర్ నవంబర్ డిసెంబర్ కి మాత్రం ఓ, ఎన్, డి అని అక్షరాలు. మా నాన్నది 88 తో మొదలవుతుంది, 1988 ఆగస్టు. 1978 కూడా అవ్వచ్చు కదా అంటే అవ్వచ్చు, ఆయన కువైట్ పోయిందే 1986 లో, కొత్తదే కొన్నాడు, కాబట్టి అక్కడ సందేహం లేదు. మీరు కూడా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే దశాబ్దం తేలిపోతుంది.

ముందు ఫుల్ గా కీ ఇచ్చి చూడండి

ఈ మిషన్లకి క్రౌన్, అంటే కేసు పక్కన ఉండే చిన్న గుండీ, తిప్పితే కీ ఎక్కదు. తెలియక గంటల తరబడి తిప్పేవాళ్ళని చూశాను, ఏమీ జరగదు. చేతి కదలికకి లోపల బరువు తిరిగి అదే స్ప్రింగ్ కి కీ ఇవ్వాలి. కాబట్టి వాచీని చేతిలో పట్టుకుని, కొట్టినట్టు కాకుండా ఊయల ఊపినట్టు, అడ్డంగా రెండు మూడు నిమిషాలు ఊపండి, తర్వాత రోజంతా చేతికి పెట్టుకుని తిరగండి, రాత్రి డయల్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. బాగున్న 7ఎస్26 ఐతే ఫుల్ కీ మీద 40 గంటలు పైనే నడవాలి. పొద్దున లేచేసరికి నడుస్తూ ఉండి మధ్యాహ్నానికో సాయంత్రానికో ఆగితే గుండెకాయ బాగానే ఉన్నట్టు, కీ సరిగ్గా ఎక్కట్లేదు. ఒళ్ళో పెట్టుకుని చూస్తుండగానే అరగంటకో గంటకో ఆగితే లోపల నూనె ఎండి బంక అయ్యుంటుంది, సర్వీస్ తప్పదు.

రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. రాత్రి పదకొండు, పన్నెండు, ఒంటి గంట మధ్యే ఎక్కువసార్లు ఆగుతుంటే తేదీ, వారం మార్చే చక్రాల దగ్గర బరువు పడుతోంది, మిషన్ లో బలం తగ్గిపోయి ఆ గడప దాటలేకపోతోంది, లేదా ఎవరో రాత్రి 9 కి తెల్లవారి 4 కి మధ్యలో తేదీ మార్చి అక్కడి పన్ను దెబ్బతీశారు. ఆ టైమ్ లో తేదీ ఎప్పుడూ మార్చకండి, ఇది ఈ సీకోలన్నింటికీ వర్తిస్తుంది. చిన్న ముల్లు, పెద్ద ముల్లు ఒకదాని మీద ఒకటి వచ్చినప్పుడే ఆగుతుంటే ముళ్లు రాసుకుంటున్నాయి, అద్దంలోంచి పక్కగా చూస్తే కనబడుతుంది, దానికి సర్వీస్ అక్కర్లేదు, ముల్లు కాస్త సరిచేస్తే చాలు. డయల్ పైకి పెడితే నడిచి, కిందికి తిప్పితే ఆగితే బ్యాలెన్స్ (అటూఇటూ ఊగుతూ టైమ్ నడిపే చక్రం) ఇరుసు ఒక వైపు అరిగిందో, ఆ వైపు రాయిలో (ఇరుసు కొస తిరిగే చిన్న రాయి) మురికి ఉందో, హెయిర్ స్ప్రింగ్ (ఆ చక్రాన్ని ఊపే వెంట్రుక లాంటి స్ప్రింగ్) ఎక్కడో తగులుతోందో అనుకోవాలి. ఊపినప్పుడు లోపల గరగర చప్పుడు, బరువు మూతకి తగులుతున్నట్టు ఉంటే ఆ బరువు, అంటే రోటర్, తిరిగే బేరింగ్ అరిగిపోయింది.

ఇంకొకటి, వాచీ ఆగడం కాకుండా రోజుకి పది నిమిషాలు ముందుకు పోతుంటే అది అయస్కాంతం పట్టడం వల్ల కావచ్చు. దిక్సూచి పక్కన పెట్టండి, ముల్లు గట్టిగా కదిలితే డీమాగ్నెటైజర్ అనే చిన్న పరికరంతో ఆ అయస్కాంతం తీసేయించండి, నిమిషం పని.

మీరే విప్పాలా, ఇవ్వాలా

ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను. ఇంట్లో ఒక్కటే ఉన్న వాచీ, అది నాన్నదో తాతదో ఐతే, మొదటిసారి చెయ్యి పెట్టేది దాని మీద కాకూడదు. పాత హెచ్ఎంటీ జనతా ఒకటి సంపాదించండి, చేత్తో కీ ఇచ్చేది, 17 రాళ్ళు, తేదీ లేదు, ఆటోమేటిక్ లేదు, నేర్చుకోవడానికి అంత మంచి మిషన్ ఇంకోటి దొరకదు. దాన్ని మూడుసార్లు విప్పి బిగించి అది నడిచాక, పాడైపోయిన 7009 మిషన్ ఒకటి కొని దాన్ని విప్పండి. అది తర్వాత విడిభాగాలకి కూడా పనికొస్తుంది, ఈ పాత మిషన్లకి కొత్త సామాను కంపెనీ నుంచి రాదు, ఒకదాన్నుంచి తీసి ఒకదానికి వేసుకోవాల్సిందే.

షాపులో ఇచ్చేట్టయితే ఇచ్చే ముందే మూడు మాటలు గట్టిగా చెప్పండి: డయల్ కి రంగు వేయొద్దు, కేసు పాలిష్ పట్టొద్దు, మిషన్ మార్చొద్దు. మా ఊర్లో ఒక షాపులో మా నాన్న వాచీకి మూత తీసి పైనుంచి నూనె చుక్కలు వేసి సర్వీస్ అయింది అని ఇచ్చేశారు, నాలుగు నెలలు నడిచింది, తర్వాత ఆ నూనె అంతా దుమ్ముతో కలిసి హెయిర్ స్ప్రింగ్ కి అంటుకుంది. పాత మురికి మీద కొత్త నూనె వేయడం సర్వీస్ కాదు, విప్పి, కడిగి, ఆరబెట్టి, చుక్క చుక్కగా నూనె పెట్టి బిగించడం సర్వీస్. గాజు గూటిలో నలభై ఏళ్ళుగా కూర్చుని పనిచేసే పెద్దాయన ఎవరైనా మీ ఊర్లో ఉంటే ఆయన్ని పూర్తిగా విప్పి కడుగుతారా అని అడగండి, చేస్తానంటే ఆయన అడిగినంత ఇవ్వండి.

సామాను

మూత తిప్పే ఓపెనర్, 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల దాకా నాలుగైదు స్క్రూడ్రైవర్లు, మంచి ట్వీజర్స్ రెండు, కంటికి పెట్టుకునే భూతద్దం, మిషన్ పట్టుకునే హోల్డర్, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, ముళ్లు లేపే లివర్లు, చేతివేళ్ళకి తొడుగులు, గడుల డబ్బా. కడగడానికి లైటర్ లో పోసే నాఫ్తా, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మన దగ్గర చాలామంది పెట్రోల్ లోనే కడుగుతారు, నేను వాడను, అది ఆరాక పొర వదులుతుంది, పైగా ఇంట్లో మంచిది కాదు. నాఫ్తా ఐనా కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా.

నూనెల్లో పీనాసితనం వద్దు. మోబియస్ కంపెనీ నూనెల్లో 9010 వేగంగా తిరిగే చిన్న చక్రాలకి, హెచ్‌పీ1300 నెమ్మదిగా తిరిగే బరువైన వాటికి, 9415 ప్యాలెట్ (చక్రాలని ఆపుతూ వదులుతూ ఉండే చిన్న ఫోర్క్) రాళ్ళకి, 8200 మెయిన్ స్ప్రింగ్ (కీ ఎక్కే పెద్ద స్ప్రింగ్) కి, 8217 అది చుట్టుకుని ఉండే స్ప్రింగ్ డబ్బీ లోపలి గోడకి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, డబ్బా స్ప్రేలు ఇవేవీ వద్దు, పాకిపోతాయి, గడ్డకడతాయి.

విప్పడం

ప్రతి స్క్రూ తీసే ముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో. ఇందులో బద్ధకించకండి.

బెల్టు తీసేయండి, కేసుని బ్రష్ తో శుభ్రం చేశాకే మూత తిప్పండి, లేకపోతే ముప్పై ఏళ్ళ చెమట మురికి అంతా మిషన్ మీద రాలుతుంది. మూత లోపలి వైపు చూడండి, గుండ్రంగా గీతలు పడి ఉంటే రోటర్ తగులుతోందన్నమాట. మధ్య స్క్రూ తీసి రోటర్ పక్కన పెట్టండి.

ఇప్పుడు స్ప్రింగ్ లో ఉన్న బలాన్ని వదిలేయాలి, ఇది మర్చిపోతే తర్వాత చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళు పోతాయి, ఇరుసులు విరుగుతాయి. స్ప్రింగ్ డబ్బీ మీద ఉండే పళ్ళ చక్రం, అంటే రాట్చెట్ చక్రం, స్క్రూలో స్క్రూడ్రైవర్ గట్టిగా ఆనించి, అది వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకి జరిపి, స్క్రూడ్రైవర్ ని వేళ్ళ మధ్య మెల్లగా జారనివ్వండి.

క్రౌన్ ని లోపలికి నొక్కి ఉంచి, స్టెమ్ (క్రౌన్ కి ఉండే సన్నటి కడ్డీ) పక్కన చిన్న గుంట ఉన్న లివర్ ని సుతారంగా నొక్కుతూ స్టెమ్ లాగేయండి. మిషన్ కేసులోంచి వస్తుంది. స్టెమ్ మళ్ళీ దూర్చి గంటల, నిమిషాల ముళ్లు పన్నెండు దగ్గరికి తెచ్చి, డయల్ మీద సన్నటి ప్లాస్టిక్ కవర్ ముక్క పరిచి, రెండు లివర్లతో సమంగా లేపండి. డయల్ ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి, దాన్ని ఏ ద్రవంతోనూ తుడవద్దు, పాత రంగు, పాత అక్షరాలు ఒక్క తుడుపుకి పోతాయి, మళ్ళీ రావు.

డయల్ కింద వారం చక్రం, దాన్ని పట్టుకున్న సన్నటి సీ ఆకారం క్లిప్పు, అది ఎగిరిపోతుంది, వేలు అడ్డం పెట్టి తీయండి. తర్వాత తేదీ చక్రం, దాని పైన రేకు, చిన్న స్ప్రింగులు. వారం, తేదీ చక్రాలు కూడా తడపకూడదు, అంకెలు ఊడిపోతాయి.

వెనక్కి తిప్పి బ్యాలెన్స్ తీయండి. స్క్రూ తీశాక బ్రిడ్జ్ ని (చక్రాన్ని పైనుంచి పట్టుకునే లోహపు పలక) లేపుతుంటే చక్రం హెయిర్ స్ప్రింగ్ కి వేలాడుతూ వస్తుంది, అది మామూలే, కానీ ఎక్కడైనా చిక్కుకుంటే లాగొద్దు, ఆగి, విడిపించి, అప్పుడు తీయండి. తర్వాత ప్యాలెట్ ఫోర్క్, తర్వాత పెద్ద బ్రిడ్జ్, దాని కింద చక్రాలు, స్ప్రింగ్ డబ్బీ.

ఆటోమేటిక్ భాగం దగ్గర కాసేపు ఆగండి, ఆగిపోయే సీకోల్లో చాలాసార్లు దోషం ఇక్కడే ఉంటుంది. ఇందులో రెండు చేతుల కొక్కెం లాంటి రేకు ఒకటి ఉంటుంది, మ్యాజిక్ లివర్ అంటారు, సీకో 1959 లో తెచ్చింది. బరువు ఏ వైపు తిరిగినా సరే ఒక చెయ్యి పళ్ళ చక్రాన్ని లాగుతుంది, ఇంకో చెయ్యి తోస్తుంది, అందుకే రెండు వైపులా కీ ఎక్కుతుంది. ఇంత సరళంగా ఉంది కాబట్టే ఈ వాచీలు సర్వీస్ అనేదే లేకుండా ఇరవై ఏళ్ళు నడిచాయి. ఆ చేతుల కొసలు భూతద్దంలో చూడండి, పదును పోయి గుండ్రంగా అరిగుంటే, లేదా ఒక చెయ్యి వంగి పంటికి అందకపోతే, మీరు ఎంత శుభ్రం చేసినా కీ సగమే ఎక్కుతుంది. మా నాన్న వాచీలో ఒక చెయ్యి కొస అరిగిపోయింది, పాత మిషన్ లోంచి తీసి వేశాను.

కడగడం

లోహపు భాగాలన్నీ నాఫ్తాలో పది నిమిషాలు నానబెట్టి మెత్తటి బ్రష్ తో కడగండి. రాళ్ళ చిల్లుల్లో టూత్ పిక్ ని సన్నగా చెక్కి తిప్పండి, నల్లగా వస్తుంది, మళ్ళీ చెక్కి మళ్ళీ తిప్పండి, పుల్ల తెల్లగా వచ్చేదాకా. ఎండిన నూనె ఇక్కడే కూర్చుని ఉంటుంది, బ్రష్ కి రాదు. తర్వాత ఆల్కహాల్ లో ముంచి తీసి గాలి కొట్టి ఆరబెట్టండి.

ప్యాలెట్ ఫోర్క్, బ్యాలెన్స్ ఈ రెండూ ఆల్కహాల్ లో వేయకండి. వాటి రాళ్ళు లక్కతో అతికించి ఉంటాయి, ఆల్కహాల్ కి లక్క కరిగి రాయి కదిలిపోతుంది. నాఫ్తాలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు.

బ్యాలెన్స్ పైనా కిందా డయాషాక్ అని మూడు రేకుల పువ్వు లాంటి స్ప్రింగ్ ఉంటుంది, దాని కింద చిన్న రాయి. దాన్ని తీసి కడగకపోతే సర్వీస్ సగమే. కానీ అది ఎగిరిందంటే దొరకదు, నాకు మొదటిది అలాగే పోయింది, రెండు రోజులు వెతికాను. పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు, మిషన్ పెట్టి లోపలే తీయండి.

స్ప్రింగ్ డబ్బీ గురించి. ఆటోమేటిక్ లో మెయిన్ స్ప్రింగ్ చివర డబ్బీకి తగిలించి ఉండదు, గోడకి ఒరుసుకుని నిలబడుతుంది, ఫుల్ ఐనప్పుడు జారుతుంది. ఆ గోడ మీద సరైన గ్రీజ్ లేకపోతే ముందే జారిపోతుంది, మీరు ఎంత తిరిగినా సగం కీ మీదే ఉంటుంది, తెల్లవారేసరికి ఆగుతుంది. గోడ శుభ్రంగా తుడిచి మూడు నాలుగు చోట్ల 8217 చుక్క పెట్టండి. స్ప్రింగ్ బయటికి తీసినప్పుడు పెద్ద చుట్టగా విచ్చుకోకుండా ముడుచుకునే ఉంటే అలసిపోయింది, మార్చండి. చేత్తో తిరిగి చుట్టడం కుదురుతుంది గానీ వంకర పోతుంది, స్ప్రింగ్ చుట్టే వైండర్ లేకపోతే వేరే మిషన్ నుంచి డబ్బీ మొత్తం తీసి వేయడమే మేలు.

బిగించడం, నూనె

డబ్బీ, చక్రాలు పెట్టి పెద్ద బ్రిడ్జ్ మూయండి. ఇరుసులన్నీ ఒకేసారి చిల్లుల్లో కూర్చోవాలి, ఇది ఓర్పు పని, బ్రిడ్జ్ మీద వేలి బరువు కూడా వద్దు, ట్వీజర్స్ తో ఒక్కో చక్రాన్ని తట్టుతూ పోతే దానంతటదే కిందికి దిగుతుంది. దిగకుండా స్క్రూ బిగిస్తే ఇరుసు విరిగిపోతుంది. బిగించాక ప్రతి చక్రాన్ని ట్వీజర్స్ తో పట్టి పైకీ కిందికీ చూడండి, వెంట్రుకవాసి ఆడాలి.

ప్యాలెట్ పెట్టకముందే రాట్చెట్ స్క్రూని రెండు పళ్ళు తిప్పండి. చక్రాలన్నీ గిర్రున తిరిగి, ఆగే ముందు చివరి చక్రం కొంచెం వెనక్కి తిరగాలి. అలా వెనక్కి తిరిగితే ఎక్కడా పట్టు లేదని అర్థం. టక్కున ఆగితే ఎక్కడో మురికో, వంగిన ఇరుసో ఉంది, ముందుకు పోకండి, మళ్ళీ విప్పండి. నాకు రెండోసారి కడిగాక వచ్చింది.

నూనె రాయి గుంటలో సగం నిండితే చాలు. ఎక్కువైతే అంచు దాటి పాకి మొత్తం లాగేసుకుంటుంది, చివరికి ఇరుసు దగ్గర ఏమీ మిగలదు. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి నూనె వద్దు, రాళ్ళ ముఖానికి మాత్రం సన్నటి చుక్క. హెయిర్ స్ప్రింగ్ కి ఎప్పుడూ వద్దు. మ్యాజిక్ లివర్ తిరిగే మేకుకి కొద్దిగా గ్రీజ్.

బ్యాలెన్స్ పెట్టగానే అది ఊపందుకోవాలి. ఈ మిషన్ గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకి 5,18,400. విప్పేసి ఉంచిన మిషన్ మళ్ళీ కొట్టుకోవడం మొదలైన ఆ క్షణం కోసమే ఇంత కష్టం అనిపిస్తుంది నాకు, మా నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నడుస్తాంది రా అన్నాడు, అంతే.

రాట్చెట్ స్క్రూని బిగించే వైపు ఏడెనిమిది చుట్లు తిప్పితే ఫుల్ కీ. ఇప్పుడు ఫోన్ లో టైమ్‌గ్రాఫర్ యాప్ (టిక్ టిక్ చప్పుడు విని మిషన్ ఎలా నడుస్తోందో చెప్పేది) వేసి వాచీని మైక్ దగ్గర పెట్టండి. యాప్ అడిగే లిఫ్ట్ యాంగిల్ అనే అంకె 7ఎస్26 కి 53 పెట్టాలి, 7009 కి కూడా నేను అదే పెడతాను. డయల్ పైకి ఉన్నప్పుడు ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో ఆ లెక్క, 230, 250 వస్తే ఈ వయసు వాచీకి చాలా బాగుంది, 200 కిందికి ఉంటే ఎక్కడో బలం పోతోంది. తేదీ సరిగ్గా అర్ధరాత్రి దగ్గర మారేలా చూసుకుని ముళ్లు పెట్టండి, ముళ్లని పన్నెండు గంటలూ తిప్పుతూ ఒకదానికొకటి, అద్దానికి తగలట్లేదని పక్కనుంచి చూడండి. మూత రబ్బరు కొత్తది వేసి సిలికాన్ గ్రీజ్ రాయండి, ఐనా ఇక నీళ్ళలో పెట్టకండి, మూత మీద ఏం రాసున్నా సరే.

ఇంత చేశాక కూడా ఆగితే

మా నాన్న వాచీ సర్వీస్ ఐన ఐదో రోజు తెల్లవారుజామున మళ్ళీ ఆగింది. నేను చేసింది తప్పయిందేమో అని చాలా బాధపడ్డాను, మళ్ళీ యాప్ లో చూస్తే 240 ఉంది, నేను పెట్టుకుంటే రెండు రోజులు ఆగలేదు. అప్పుడు అర్థమయింది, ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రోజంతా కుర్చీలోనే, ఆ చెయ్యి కదిలేదే తక్కువ. ఆటోమేటిక్ వాచీకి రోజుకి ఎనిమిది పది గంటలు కదిలే చెయ్యి కావాలి. పెద్దవాళ్ళ వాచీ ఆగుతోంది అంటే ఇది ముందు చూడండి. ఇప్పుడు పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు వాచీ నేను తీసుకుని రెండు నిమిషాలు ఊపి ఇస్తాను, సాయంత్రం ఇంకోసారి. సర్వీస్ చేసిన తేదీ, మార్చిన భాగం ఒక నోట్‌బుక్ లో రాసి పెట్టాను, మూత లోపల గీకలేదు, మీరూ గీకకండి. నాలుగైదేళ్ళకి ఒకసారి ఆంప్లిట్యూడ్ చూసుకుని, పడిపోతుంటే మళ్ళీ కడగాలి.